ఇతివృత్తమునందలి సంఘర్షణము – శకుంతలా కథా పరిశీలనము

నాట్యమునకు ఇతివృత్తము శరీరమని భరతముని చెప్పెను. ఆ శరీరమునకు చలనము నిచ్చునది సంఘర్షణము. ఒకడు ఒక ఫలమును కోరును. దాని కొక విఘ్నము కలుగును. ఆ విఘ్నము తొలగుటయో, కోరినవాడు భంగపడుటయో సంభవించును. సంఘర్షణమను పరిభాష తెలుగు విమర్శనమున నవీనమే కాని, దాని యర్థము ప్రాచీన లాక్షణికుల కెఱుగరానిది కాదు. అట్లయ్యును పంచసంధుల పేరులను వల్లించుట యున్నంతగా, ఒక సంధినుండి వేఱొక సంధి యేల పుట్టవలెనను విచారము బోధనమందు కానరాదు.

నాయకుని కార్యమునకు ప్రారంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను నైదవస్థలు చెప్పబడినవి. ముఖమున బీజము నాటబడును. ప్రతిముఖమున కొంత కనబడి కొంత మఱుగుపడును. గర్భమున మాటిమాటికి నష్టమై వెదకబడును. విమర్శమున ఫలము చేతికి రానున్నట్లుండి గొప్ప విఘ్నమున చిక్కుకొనును. నిర్వహణమున చెదరిన యర్థము లన్నియు నొక్క ప్రయోజనమున కూడును. విమర్శమునకు క్రోధము, వ్యసనము, విలోభనము కారణములని 10వ శతాబ్దివాడైన ధనంజయుడు దశరూపకమున చెప్పెను. యవనదేశపు అరిస్టాటిలు ముడివడుట, ముడివీడుట యని కథను రెండుగా విభజించి, దశావిపర్యయమును, ప్రత్యభిజ్ఞానమును ఇతివృత్తమునకు ప్రధానాంగములుగా నెంచెను. ఆతని దృష్టి మలుపుమీదను, భరతుని దృష్టి ఫలముమీదను నిలిచినవి. విఘ్నము లేక కథ లేదనుటలో భేదము లేదు.

ఈ లక్షణములకు ప్రాణ మెచ్చట నున్నదో తెలియవలెనన్న, ఒకే కథను రెండు విధములుగా నిర్మించిన కవులను పోల్చి చూడవలెను. అందులకు శకుంతలా కథ మిక్కిలి తగినది.

భారతకథలో శకుంతల, తన కొడుకే యువరాజు కావలెనను నియమముతో గాంధర్వమున కంగీకరించును. ఇదియే బీజము. దుష్యంతుడు మాట యిచ్చి వెడలిపోవును, పిలువనంపడు. ఆమె కుమారుని వెంటబెట్టుకొని సభకు వచ్చినపుడు, ఎఱిగియు నెఱుగనని పలుకును. 11వ శతాబ్దిలో నన్నయభట్టు ఈ ఘట్టమును తెనిగించుచు వ్యాసుని మార్గమునే పట్టెను. ఇచ్చట శాపము లేదు, ఉంగరము లేదు. విఘ్నము రాజుయొక్క బుద్ధిపూర్వకమైన నిరాకరణము. దానికి మూలము లోకాపవాదభీతి. కావున సంఘర్షణము బహిరంగముగా, ఇరువురి సంకల్పముల నడుమ నడచును. శకుంతల బ్రతిమాలుటతో నిలువక ధర్మమును వాదించును. సత్యమును యజ్ఞములకంటెను మిన్నగా నిలుపును. సాక్షి లేని వివాహమునకు సాక్షి యెవ్వరను ప్రశ్నకు అశరీరవాణి సమాధాన మిచ్చును. కథాబలమంతయు ఆ యొక్క సభలో నున్నది. ఆ బల మామె నోటిమాటలది.

కాళిదాసు విఘ్నముయొక్క స్థానమునే మార్చెను. పుత్రరాజ్యనియమము మఱుగై, దాని చోట నుంగరము వచ్చెను. చతుర్థాంకారంభమున దుర్వాసుని క్రోధము వలన విస్మృతి కలిగినది. దీనినే సాహిత్యదర్పణకారుడు విమర్శసంధికి నుదాహరణముగా చూపెను. పంచమాంకమున రాజు అబద్ధమాడుట లేదు. శకుంతలయు అబద్ధమాడుట లేదు. ఇరువురును సత్యమే పలుకుచు నొకరి నొకరు నమ్మజాలరు. శాపవృత్తాంతము ప్రేక్షకునకు తెలియును, వారికి తెలియదు. సఖులకు తెలిసియు వారు మఱుగుపఱచిరి. భారతమున శ్రోత యడుగునది, రాజు సత్య మొప్పుకొనునా యని. నాటకమున ప్రేక్షకు డడుగునది, సత్య మెప్పు డెట్లు బయలుపడునా యని. బీజము మాఱగా ప్రశ్న మాఱెను. ప్రశ్న మాఱగా సంధులన్నియు మాఱినవి.

శాపము వెలుపలనుండి వచ్చిన విఘ్నమనియు, రాజును నిర్దోషిగా చేయుటకై కల్పింపబడినదనియు ఆక్షేపణ కలదు. కొంతవర కిది నిజమే. ధీరోదాత్తుడు తెలిసి భార్యను త్యజించినచో శృంగారరస మచ్చట నిలువదు. కాని శాపమునకు నేల పాత్రలలోనే యున్నది. భర్తృచింతలో మునిగిన శకుంతల యతిథిని గమనింపదు. ఆమె ప్రేమయే యామె ప్రమాదమునకు కారణము. రాజునకును ఆ నేల కలదు. పంచమాంకారంభమున హంసపదిక పాట, క్రొత్త తేనెకై పాతపూవును మఱచిన తుమ్మెదను నిందించును. శాపము లేకయే ఆతడు మఱచిన వారు వేఱే కలరని కవి యచ్చట సూచించెను. ఆ పాట విని రాజు కారణ మెఱుగని యుత్కంఠ నొందును: మనస్సు మఱచినది, హృదయము మఱువలేదు. ఇట్లు బాహ్యవిఘ్న మంతరంగమున వేరూనినది.

15వ శతాబ్దిలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలమున కాళిదాసు మార్గమును ప్రధానముగా ననుసరించుచు భారతకథాంశములను గూడ గ్రహించెను. నాటకేతివృత్తము శ్రవ్యకావ్యమైనపు డేది నిలుచును, ఏది సడలును అని పరిశీలించుటకు ఆ గ్రంథము విద్యార్థులకు మంచి యాధారము.

చిహ్నములచే నేర్పడు ప్రత్యభిజ్ఞానమును అరిస్టాటిలు తక్కువ కళగా నెంచెను. ఆ కొలతకు శాకుంతలము లోబడునా యని యడుగువారు సప్తమాంకమును చూడవలెను. జాలరికి దొరకిన యుంగరము రాజునకు జ్ఞాపకమును మాత్రమే తెచ్చినది, శకుంతలను తేలేదు. పశ్చాత్తాపము, పుత్రదర్శనము గడచిన పిమ్మటగాని పునస్సమాగమము లేదు. అపుడు రాజు ఉంగరమును మరల నీయబోగా, దానిని నమ్మజాలనని, ఆతనినే ధరింపుమని శకుంతల చెప్పును. శాపము తొలగినను, ఆ విఘ్నము ఆమె మనస్సున విడిచిన గుఱుతు తొలగలేదు. పాఠము చెప్పువా రిచ్చట నిర్వహణసంధి యని పేరు చెప్పి యూరకొనక, ఆమె యేల నమ్మజాలదని విద్యార్థి నడిగినచో, సంధిలక్షణము వానికి దానంతట బోధపడును.