సాఫ్ట్‌వేర్ మార్పుల నిర్వహణ: నైట్ క్యాపిటల్ ఉదంతం

సమాచార సాంకేతికత నిర్వహణ అంటే కంప్యూటర్లు కొనడం, నిపుణులను నియమించడం అని చాలామంది విద్యార్థులు రాస్తారు. ఇంటర్నెట్ కాలపు వ్యాపారంలో అసలు కష్టం నడుస్తున్న వ్యవస్థను మార్చడంలో ఉంది.

అమెరికాలో షేర్ల లావాదేవీలు జరిపే నైట్ క్యాపిటల్ సంస్థనే తీసుకుందాం. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో మొదలయ్యే ఒక పథకం కోసం ఆ సంస్థ తన సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త ప్రోగ్రాం చేరింది. ఎనిమిదోదానిలో, 2003లోనే వాడకం మానేసిన పాత ప్రోగ్రాం అలాగే ఉండిపోయింది. కొత్తదాన్ని నడిపించవలసిన సంకేతం అక్కడ పాతదాన్ని నడిపించింది. ఆర్డర్లు ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. ఆ లెక్క చూసే భాగాన్ని 2005లోనే వేరేచోటికి మార్చేశారు. కంగారులో సిబ్బంది మిగిలిన ఏడు సర్వర్ల నుంచి కూడా కొత్త ప్రోగ్రాంను తొలగించారు. దాంతో వాటిలోనూ పాతదే పనిచేయసాగింది! దాదాపు 45 నిమిషాల్లో జరిగిన లావాదేవీల వల్ల నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

ఎనిమిదో సర్వరును మరచిపోయిన ఉద్యోగిని నిందించడం సులువు. నా దృష్టిలో తప్పు నిర్వాహకులది. ఆ పనిని రెండో వ్యక్తి సరిచూడాలన్న లిఖిత నియమమే అక్కడ లేదు. మార్కెట్ తెరవకముందే కంప్యూటర్లు ఈ లోపాన్ని సూచిస్తూ సిబ్బందికి 97 ఈమెయిళ్లు పంపాయి. వాటిని హెచ్చరికలుగా చూసే ఏర్పాటు లేకపోవడంతో ఎవరూ స్పందించలేదు. 2013లో సంస్థకు 1.2 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అదే ఏడాది అది గెట్కోతో విలీనమైంది.