గాయమైన చోట తెల్లమచ్చ ఏల?

గొల్లపల్లి వంటి ఊళ్ళలో బొల్లి మచ్చలను చూడనివారు అరుదు. ప్రపంచమున ప్రతి 1000 మందిలో 5 నుండి 20 మంది వరకు ఈ మచ్చలు గలవారున్నారని అంచనా. ఆ మచ్చలున్న చోట్లను ఒకింత పరికించినచో ఒక విశేషము తోచును. మోచేతులు, మోకాళ్ళు, చీలమండలు, వ్రేళ్ళ కణుపులు, మొలత్రాడో లంగా బొందో ఒరయు నడుము - తరచుగా రాపిడియు దెబ్బలును తగులు చోట్లే ఇవి. ముల్లు గీరిన గీత వెంబడి తెల్లని చార తేలుటయు కలదు.

ఇట్టి సంగతిని మొదట గమనించినది బొల్లిలో కాదు. జర్మను చర్మవైద్యుడు హైన్రిఖ్ కోబ్నర్, సోరియాసిస్ గల ఒక రోగికి గుఱ్ఱము కరచిన చోటను, పచ్చబొట్టు పొడిచిన చోటను అదే వ్యాధి లేచుట చూచి 1872లో వెల్లడించెను. నేడు బొల్లిలోను దీనిని కోబ్నర్ లక్షణమనియే పిలుతురు.

కారణమేమి? చర్మపు పైపొర అడుగున మెలనిన్ అను రంగును చేయు కణములుండును. ఒక్కొక్కటి చుట్టునున్న ముప్పది నలుబది కణములకు రంగు పంచిపెట్టును. బొల్లిలో, రోగక్రిములను చంపవలసిన టి-కణములే దారితప్పి ఈ రంగు కణములను చంపును. గాయమైనపుడు పైపొర కణములు కొన్ని ప్రోటీనులను వెలువరించి రక్షక కణములను పిలుచును. అందరిలోను జరుగు పనియే ఇది. పుండు మానును, రంగు తిరిగి వచ్చును. బొల్లి గలవానిలో మాత్రము ఆ పిలుపు విని వచ్చు మూకలో హంతకులును ఉందురు! మరియొక లోపము కూడ కలదు. రంగు కణములను పొరుగు కణములతో అతికించి ఉంచు ఈ-కాడ్హెరిన్ అను ప్రోటీను, బొల్లి రోగుల మచ్చలేని చర్మమునందు సైతము సరిగా లేనట్లు 2015లో పరిశోధకులు చూపిరి. పట్టు సడలిన కణము రాపిడికి ఊడిపోవుటలో వింత లేదు.

అందరికిని ఇట్లు జరుగదు. మచ్చలు పెరుగుచున్న దశలో ఈ లక్షణము హెచ్చు. అప్పుడు బిగుతు బొందు వదలు చేయవలెను. బీడీ ఆకు కత్తిరించు స్త్రీ అయినచో కత్తెర ఒరయు వ్రేలికి గుడ్డ చుట్టుకొనుట మేలు.

విచారింపదగిన దేమనగా, మచ్చ పోవుటకని చేయు పనులే కొన్ని క్రొత్త మచ్చలకు దారితీయును. బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చుండు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఆ గింజలలోని సోరలెన్ అను పదార్థము ఎండ తగులగనే చురుకెక్కును. వైద్యులు కొలతతో వాడినది దీనినే. కొలత తప్పినచో బొబ్బలెక్కును, ఆ బొబ్బయే గాయము.

రబ్బరు చెప్పుల పట్టీ క్రింద వచ్చు తెల్లదనమును దీనితో కలుపరాదు. అక్కడ రాపిడి కంటె రబ్బరులోని రసాయనము ముఖ్యము. అది రంగు కణములను నేరుగా చంపగలదు. రబ్బరు తొడుగులు ధరించిన తోళ్ళ కార్మికుల చేతులు తెల్లబడుటను అమెరికాలో 1939లోనే గుర్తించిరి.

మాననిమచ్చలకు మంచి చర్మము తీసి అతుకు వైద్యము కలదు. కాని చర్మము కోయుటయు గాయమే కదా! అందుచే వైద్యులు ఏడాది పాటు క్రొత్త మచ్చలు లేవనివారినే సామాన్యముగా ఎన్నుకొందురు. సందేహమున్నచో ముందుగా ఆవగింజంత ముక్కలు కొన్ని అతికించి నెలల తరబడి చూతురు. ముక్క చుట్టును రంగు ప్రాకినచో పని సాగింతురు. ముక్క తీసిన చోట తెల్లబడినచో ఆపుదురు.