నెల్లూరి నీలిబట్ట - నల్లజాతివారి వాఙ్మయ పఠనము

నెల్లూరు మండలమున, పూర్వపు కావలి తాలూకాలో, జువ్వలదిన్నె యను సముద్రతీరగ్రామము గలదు. ఇటీవల నచట చేపలరేవు నిర్మింపబడుటచే దాని పేరు పత్రికలలో వినవచ్చుచున్నది. ఇట్టి తీరగ్రామముల పాఠశాలలలో ప్రపంచచరిత్ర బోధించునప్పుడు ఆఫ్రికా ఖండపు నల్లజాతివారి దాస్యకథ రెండు వాక్యములలో ముగియుట పరిపాటి. అది దూరదేశపు వార్త యని పండితుల యభిప్రాయము. కాని యీ తీరమునకు ఆ కథతో గల సంబంధము రెండు వాక్యములలో దీరునది కాదు.

నెల్లూరు మండలపు మగ్గములపై నేసి, నీలిమందున ముంచి రంగెక్కించిన నూలుబట్టను వర్తకులు సలంపూరు అనిరి. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ఈ బట్ట వెస్టిండీసు దీవులకు ఎగుమతి యగుచుండెను. అచటి తోటలలో పనిచేయు దాసులకు అది కట్టుబట్ట. 1833లో ఆంగ్ల పార్లమెంటు దాస్యవిమోచన శాసనము చేసెను. 1834 ఆగస్టు 1 నుండి అది యమలులోనికి వచ్చెను. దాసులు విడుదల పొందిన పిమ్మట నెల్లూరి నీలిబట్టకు గిరాకి పోయినదని దొరతనమువారి గెజిటీరులు వ్రాసినవి. వెస్టిండీసున దాసునికి విడుదల కలుగగా నెల్లూరిలో సాలెవాని బేరము చెడినది. చక్కెర తోటయు, సాలెవాని గుంటమగ్గమును ఒకే వర్తకపు రెండు కొనలు. అంతకు ముందు శతాబ్దమున హిందూదేశపు నూలుబట్టలే పశ్చిమాఫ్రికా రేవులలో మనుష్యుల నిచ్చి పుచ్చుకొను బేరమునకు ముఖ్యమైన సరకుగా నుండెను.

ఇంతేకాదు. పదునేడవ శతాబ్దపు కరవులలో డచ్చివారు ప్రళయకావేరి యనబడు పులికాటు రేవునుండి ఈ తీరపు మనుష్యులనే కొని బటేవియాకు దాసులుగా గొనిపోయిరి. దక్షిణాఫ్రికాలోని కేప్ వలసరాజ్యపు పత్రములలో ‘కోరమాండలమువాడు’ అను గుర్తుతో వ్రాయబడిన దాసుల పేర్లు గలవు. నల్లజాతి చరిత్రము జదువునప్పుడు తెలుగు పండితుడు పరాయివాడుగా గూర్చుండ నక్కఱ లేదు.

ఏ గ్రంథముతో నారంభింపవలెను? తెలుగున నధికసంఖ్యాకులు అలెక్స్ హేలీ ‘రూట్స్’తో నారంభింతురు. దానిని తరువాత చెప్పవచ్చును. ముందు చదువదగినవి, శీర్షికలోనే ‘స్వయముగా వ్రాసినది’ అను మాట మోసిన గ్రంథములు. ఈ మాట అలంకారము కాదు. దాసునికి చదువు చెప్పుట నేరముగా నెంచబడిన రాష్ట్రములు గల దేశమున, దాసుడు పుస్తకము వ్రాసెననగా నమ్మువారు తక్కువ. కనుక గ్రంథకర్త ముఖపత్రముననే ప్రమాణము చేయవలసివచ్చెను.

ఇట్టివానిలో ఫ్రెడరిక్ డగ్లస్ స్వీయచరిత్రము (1845) మొదటిది కావలెను. చిన్నపుస్తకము, నాలుగుదినములలో ముగియును. బాల్టిమోరు పట్టణమున యజమానురాలు ఆతనికి అక్షరములు నేర్పసాగెను. ఆమె భర్త, చదువు వచ్చినవాడు దాస్యమునకు పనికిరాడని మాన్పించెను. ఆ నిషేధమే చదువు విలువ నా బాలునకు దెలిపినది. పిమ్మట వీథిలోని తెల్లపిల్లలకు రొట్టెముక్క లిచ్చి పాఠములు చెప్పించుకొనెను. బడిపంతులు ఈ యొక్క ఘట్టమును తరగతిలో చెప్పినను చాలును. ఓనమాలు దిద్దుటకు విసిగిన పిల్లలును చెవియొగ్గి విందురు.

హారియట్ జేకబ్స్ గ్రంథము (1861) పరిశోధకులకు వేఱొక విధమున విలువైనది. యజమాని చెఱనుండి తప్పించుకొనుటకై ఆమె తన యవ్వ యింటి పైకప్పు క్రింద, నిలుచుటకైన వీలులేని యిఱుకుచోట, ఇంచుమించు ఏడేండ్లు దాగియుండెను. లిండా బ్రెంట్ అను మాఱుపేరున వ్రాయుటచే చాలకాలము పండితులు దీనిని కల్పితకథ యనిరి. సంపాదకురాలైన లిడియా మేరియా చైల్డ్ వ్రాసినదనిరి. జీన్ ఫేగన్ యెల్లిన్ అను విదుషి ఉత్తరములు మొదలగు మూలపత్రములు శోధించి, కర్తృత్వము జేకబ్స్‌దే యని స్థాపించి 1987లో సవ్యాఖ్యానముగా బ్రకటించెను. గ్రంథకర్తృత్వ వాదములకు తెలుగున కొదువ లేదు. ఇచట మాత్రము వాదము తప్పుగా తేలియున్నంతకాలము ఒక స్త్రీ యనుభవించినదంతయు కట్టుకథగా చెల్లినది. దీని పిమ్మట టోనీ మోరిసన్ నవల ‘బిలవెడ్’ (1987) చదివిన దాని లోతు దెలియును. 1856లో మరల దాస్యములో పడవలసివచ్చినప్పుడు కన్నబిడ్డను చంపిన మార్గరెట్ గార్నర్ వృత్తాంతము దానికి బీజము.

ఒలౌడా ఎక్వియానో చరిత్రము (1789) మూడవది. తాను ఆఫ్రికాలో బుట్టి పట్టుబడితినని ఆతడు వ్రాసెను. జ్ఞానస్నానపు పత్రము, ఓడ పట్టిక మాత్రము జన్మస్థలము దక్షిణ కరోలినా యని చెప్పుచున్నవి. విద్వాంసులు నేటికిని రెండుపక్షములుగా నున్నారు. ఏ పక్షము గెలిచినను, దాసుల నోడలో దెచ్చిన విధమును లోకమునకు దెలిపిన గ్రంథముగా దాని స్థానము చెడదు.

చరిత్రగ్రంథములలో ఎరిక్ విలియమ్స్ ‘క్యాపిటలిజం అండ్ స్లేవరీ’ (1944), హైతీ విప్లవమును గూర్చిన సి.ఎల్.ఆర్. జేమ్స్ ‘ది బ్లాక్ జాకబిన్స్’ (1938), డుబోయిస్ ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ (1903) చాలును. జేమ్స్ గ్రంథము కావ్యమువలె నడచును. విలియమ్స్ లెక్కలతో విసిగించునుగాని, నెల్లూరి బట్ట వంటి సరకుల వెనుకనున్న లాభపు దారి చూడదలచినవారికి వేఱు మార్గము లేదు.

ఇక ‘రూట్స్’. 1976లో వెలువడిన యీ గ్రంథమును సహవాసి ‘ఏడు తరాలు’ పేర సంగ్రహించి తెనిగించెను. హైదరాబాదు బుక్ ట్రస్టు ప్రకటించెను. తెలుగు పల్లెలలో దీనికి గలిగినంత వ్యాప్తి మఱి యే యనువాదమునకో కాని కలుగలేదు. అయినను దీనిని చరిత్రముగా గాక నవలగా జదువవలెను. హెరాల్డ్ కూర్లాండర్ నవలనుండి భాగములు చేరినవను వ్యాజ్యమును హేలీ 1978లో ధనమిచ్చి రాజీ చేసికొనెను. వంశావళి నిలువదని పరిశోధకులు చూపిరి. కుంటా కింటే పేరు తలచి కన్నీరు పెట్టిన పాఠకుని కన్నీరు దీనిచే వ్యర్థము కాదు. సాక్ష్యము వేఱు, కల్పన వేఱు అని పిల్లలకు జెప్పుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఆఫ్రికా రచయితలలో చినువా అచేబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) ఇగ్బోజాతి సామెతలతో నడచును; సామెతలు సేకరించు పండితులకు అది విందు. కెన్యా దేశీయుడగు గూగీ వా థియాంగో ఆంగ్లము విడిచి తన గికూయూ భాషలో, చెఱసాలలో, శౌచమునకిచ్చు కాగితములపై నవల వ్రాసెను. దానిని వరవరరావు తానును చెఱలోనుండియే ‘మట్టికాళ్ళ మహారాక్షసి’గా తెనిగించెను.

అనువాదకునకు కఠినమైన చిక్కు సంభాషణములయందు గలదు. నల్లజాతి కూలివాని మాటను నెల్లూరి యాసలో బెట్టిన, వాడు కావలి సంతకు వచ్చిన రైతగును. గ్రాంథికమున బెట్టిన, పురాణపాత్ర యగును. ఏ మండలమునకును జెందని తేలిక వ్యావహారికమున, వాక్యపు విఱుపులో మూలపు నడకను నిలుపుట మేలు. ‘నీగ్రో’ యను మాట పాతగ్రంథములందు తఱచు కనబడును. నేడది అవమానకరముగా నెంచబడుచున్నది గాన ‘నల్లజాతివారు’ అనుట యుక్తము. ‘హబ్షీ’ యను పదము అబిసీనియా దేశపు టరబ్బీ పేరునుండి వచ్చినది. హైదరాబాదులో హబ్షీగూడ యను పేట గలదు. అచటనే ఏ.సీ. గార్డ్స్ అను పేట పేరు నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళమునుండి యేర్పడినది. ఆ సిద్దీల సంతతివారు నేటికిని అచట నున్నారు. వారి నోటి చరిత్రము ఏ యొక్క పాఠ్యపుస్తకమునందును జేరుటకు ముందే వృద్ధులు గతించుచున్నారు. దానిని వ్రాసికొనుటకు ఆంగ్లగ్రంథము లేవియు నక్కఱ లేదు, ఒక పలకయు, కొంత యోపికయు చాలును.