మీకు తెలుసా? రేడియేటర్‌లో ఆ నల్లబురద ఎక్కడిది?

చలికాలంలో బ్రిటన్‌ ఇళ్లను వెచ్చగా ఉంచేది బాయిలర్‌. అది కాచిన నీళ్లు గొట్టాల గుండా గదిగదిలోని రేడియేటర్లలో తిరిగి మళ్లీ బాయిలర్‌కే చేరతాయి. బయటి మట్టి చొరబడే దారే లేదు. అయినా ఏళ్ల తరబడి వాడిన రేడియేటర్‌ విప్పితే కాటుకలాంటి చిక్కటి బురద కారుతుంది. కార్పెట్‌ మీద పడిందా, ఆ మరక ఓ పట్టాన వదలదు!

అది మట్టి కాదు, రేడియేటర్‌ ఉక్కే. ఆక్సిజన్‌ తక్కువగా ఉన్న నీటిలో ఇనుము ఎర్రగా కాక నల్లగా తుప్పుపడుతుంది. దాని పేరు మాగ్నటైట్‌. అయస్కాంతం చూపిస్తే చటుక్కున అతుక్కుంటుంది. బాయిలర్‌ పక్కన అయస్కాంతపు ఫిల్టర్‌ బిగించేది అందుకే. రేడియేటర్‌ పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటే బురద పేరుకుందని అనుమానించాలి.

లండన్‌ వైపు మరో బెడద, సుద్దరాతి నేలల్లోంచి వచ్చే కఠినజలం. వేడికి అందులోని కాల్షియం తెల్లటి పొరలా గట్టిపడి బాయిలర్‌ లోపల అంటుకుంటుంది. మన గీజర్‌లో బోరునీళ్లు చేసే నిర్వాకమే ఇది. అప్పుడు బాయిలర్‌ మరిగే కెటిల్‌లా రొద పెడుతుంది.

చాలాసార్లు అసలు దోషి ఓ చిన్న లీకు. ప్రెషర్‌ తగ్గిందని మాటిమాటికీ కొత్తనీళ్లు పట్టిస్తే వాటితోపాటే కొత్త ఆక్సిజన్‌, కొత్త కాల్షియం లోపలికి వెళ్తాయి. తుప్పును ఆపేందుకు ఆ నీళ్లలో కలిపి ఉంచే మందు పలచబడుతుంది. అక్కడ కాపురముండే తెలుగువారూ, ప్రెషర్‌ పదేపదే పడిపోతుంటే ముందు లీకు వెతికించండి.