ఫ్యూజు తీగ నుంచి సూర్యతాపం వరకు: పేలే తీగలతో పదార్థ పరిశోధన

మచిలీపట్నం: వర్షాకాలపు రాత్రివేళ ఫ్యూజు పోయి ఇంటిలో దీపాలు ఆరిపోవడం గుడివాడ, దివిసీమ ప్రాంతాల ప్రజలకు కొత్త విషయం కాదు. పరిమితికి మించి ప్రవహించిన విద్యుత్తుకు ఫ్యూజు తీగ తాను కరిగిపోయి ఇంటిని కాపాడుతుంది. ఇదే సూత్రాన్ని ఎన్నో వేల రెట్ల వేగంతో ప్రయోగించి, అత్యధిక ఉష్ణోగ్రతల వద్ద పదార్థ స్వభావాన్ని శాస్త్రజ్ఞులు తెలుసుకుంటున్నారు.

కెపాసిటర్లలో వేల వోల్టుల వద్ద నిలవచేసిన విద్యుత్తును సన్నని తీగలోనికి ఒక్కసారిగా వదులుతారు. కొన్ని మైక్రోసెకన్లలోనే, అనగా సెకనులో పది లక్షల వంతులలో కొన్నింటిలోనే, తీగ కరిగి, ఆవిరై, పేలిపోతుంది. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది; సుమారు 2,560 డిగ్రీల వద్ద మరుగుతుంది. పదివేల డిగ్రీల వేడిని తట్టుకొనే పాత్ర ఏదీ లేదు. పేలే తీగకు పాత్రతో పనిలేదు. అది చెదిరిపోయేలోగానే కరెంటు, వోల్టేజి, వెలుగు నమోదవుతాయి. మొదటి రెండింటి నుంచి తీగ నిరోధాన్ని, గ్రహించిన శక్తిని లెక్కించగా, కాంతి వర్ణపటం ఉష్ణోగ్రతను తెలియజేస్తుంది.

లండనులో ఎడ్వర్డ్ నైర్న్ 1774లోనే తీగలను ఇట్లు పేల్చి చూపారు. 1920లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో జాన్ ఆండర్సన్ ఈ పద్ధతిన సుమారు 20,000 డిగ్రీలను సాధించారు. సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,500 డిగ్రీలు మాత్రమే కావడం గమనార్హం. నక్షత్రాల కాంతిని అర్థం చేసుకొనుటకు ఈ ప్రయోగాలు తోడ్పడినవి.

కాంతిని పరిశీలించే విద్యలో ఈ ప్రాంతానికీ స్థానమున్నది. నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, రామన్ శిష్యులై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కాంతి పరిశోధనలు సాగించారు. మచిలీపట్నంలో 1926లో నెలకొన్న ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలను తయారుచేసినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో భాగమైనది.

ఈ శాస్త్రం గృహస్థులకు, రైతులకు నేర్పే పాఠమొకటి ఉన్నది. ఫ్యూజు పదేపదే పోతున్నదని లావుపాటి రాగి తీగ చుట్టడం ప్రమాదకరం. అది సకాలంలో కరగదు. దానికి బదులు గోడలోని తీగలు, మోటారు చుట్టలు కాలిపోతాయి. చేపల చెరువుల వద్ద ఏరేటర్లు నడిపేవారు, పంపుసెట్ల రైతులు నిర్ణీత సామర్థ్యం గల తీగనే వాడవలెను. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులను స్వయంగా తాకక, విద్యుత్ సిబ్బందికి తెలియజేయవలెను. తెగవలసిన తీగ తెగినప్పుడే ప్రాణం నిలుస్తుంది.