టాహో వెళ్తున్నారా? ఈ అపోహలు ఇంట్లోనే వదిలేయండి

బే ఏరియా తెలుగు ఇళ్ళలో టాహో సరస్సు ప్రయాణం ఒక ఆనవాయితీ. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే లివర్‌మోర్ గుడి, గోల్డెన్ గేట్ వంతెన, ఆ తర్వాత టాహో. పిల్లలకు మంచు చూపించాలన్నా అదే దారి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దాదాపు 190 మైళ్ళు. శుక్రవారం ఆఫీసు అవగానే బయల్దేరితే రాత్రి భోజనాల వేళకు చేరిపోవచ్చని అనిపిస్తుంది. ఏం చూడాలి, ఎలా వెళ్ళాలి అని ఒకరు వాట్సాప్ గ్రూపులో అడగ్గానే పదిమంది సలహాలిస్తారు. వాటిలో అనుభవం కొంత, ఎవరి దగ్గరో విన్నది కొంత. విన్నమాటల్ని నమ్మి కొందరు ఒక పూట పోగొట్టుకుంటారు. కొందరు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. ప్రాణం మీదికి తెచ్చే అపోహలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: చలికాలంలో సరస్సు గడ్డకడుతుంది, దానిమీద నడవొచ్చు.

టాహో గడ్డకట్టదు. చుట్టూ కొండల మీద నిలువెత్తు మంచు పడినా నడిమధ్య నీళ్ళు నీలంగా అలలాడుతూనే ఉంటాయి. ఎమరాల్డ్ బే లాంటి లోతు తక్కువ మూలల్లో, అదీ బాగా చలి పట్టిన ఏడాదిలో మాత్రమే, పైన మంచుపొర ఏర్పడుతుంది. కారణం లోతు. అత్యధికంగా 1,645 అడుగులు, అంటే 501 మీటర్లు. ఇందులోని నీళ్ళన్నీ కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తం మీద పరిస్తే 14 అంగుళాల ఎత్తున నిలుస్తాయని లెక్క. పైపొర చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, కింది నుంచి కాస్త వెచ్చటి నీళ్ళు పైకొస్తాయి. ఇంత నీటిని గడ్డకట్టేదాకా చల్లార్చడానికి అక్కడి చలికాలం సరిపోదు. మూలల్లో కనబడే ఆ పలచటి పొర మీద మాత్రం ఎవరూ కాలు పెట్టకూడదు.

ఇంత లోతు ఉంది కాబట్టి ఇది అగ్నిపర్వతం నోట్లో ఏర్పడిందని ఇంకో మాట వినిపిస్తుంది. అది ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ సంగతి. అమెరికాలో అన్నిటికన్నా లోతైన సరస్సు అదే, టాహోది రెండో స్థానం. పడమట సియెర్రా నెవాడా, తూర్పున కార్సన్ శ్రేణి పైకి లేస్తూ, నడుమ నేల కుంగడం వల్ల టాహో లోయ ఏర్పడింది. ఉత్తరాన పారిన లావా నీటి దారికి అడ్డుపడిన మాట నిజమే గాని, సరస్సు గుంట మాత్రం అగ్నిపర్వతం తవ్వింది కాదు.

అపోహ: ఎండాకాలంలో నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఈత వస్తే చాలు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ నమ్మకమే. జూన్‌లో ఒడ్డున ఇసుక కాళ్ళు కాలేలా ఉంటుంది. ఎండ చురుక్కుమంటుంది. నీళ్ళు అద్దంలా ఉండి, అడుగున రాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఇవన్నీ చూసి నీళ్ళు కూడా వెచ్చగా ఉంటాయని మనసు చెప్తుంది. నిజానికి కొండల మీద కరిగిన మంచు అప్పటికి ఇంకా సరస్సులోకి చేరుతూనే ఉంటుంది. ఏడాది మొత్తం మీద నీళ్ళు కాస్త హాయిగా ఉండేది ఆగస్టు, సెప్టెంబరు మొదట్లోనే. అప్పుడు కూడా పైపొర 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్. జూన్‌లో అంతకంటే చాలా తక్కువ. ఆ పైపొర దాటి లోతుకు వెళ్తే ఏ కాలమైనా నాలుగైదు డిగ్రీలే, మన ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళ సీసా అంత చల్లదనం.

అంత చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే ముందు దెబ్బ తినేది ఊపిరి. అప్రయత్నంగా పెద్దగా గాలి పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే పీల్చేది నీళ్ళనే. తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఊపిరి మన అదుపులో ఉండదు, గుండె వేగంగా కొట్టుకుంటుంది. అది దాటినా, కాసేపట్లో చేతులకూ కాళ్ళకూ రక్తం తగ్గి కండరాలు మాట వినవు. వేళ్ళు పట్టు తప్పుతాయి. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ఒడ్డుకు ఇరవై గజాల దూరంలో మునిగిపోవడం ఇందువల్లే. ఒంట్లో వేడి పూర్తిగా పడిపోవడం చివర్లో వచ్చే దశ. చాలామంది అక్కడిదాకా వెళ్ళకుండానే ప్రాణాలు కోల్పోతారు. మొదటి రెండు దశల్లో తలను నీళ్ళ పైన నిలిపేది లైఫ్ జాకెట్ ఒక్కటే. మన ప్రమేయం లేకుండా నిలుపుతుంది గనుకే దానికి విలువ.

కాలిఫోర్నియాలో కయాక్‌కీ, ప్యాడిల్ బోర్డుకీ మనిషికొక లైఫ్ జాకెట్ ఉండాలని చట్టం. 13 ఏళ్ళ లోపు పిల్లలు తప్పనిసరిగా తొడుక్కోవాలి. పెద్దవాళ్ళు దగ్గర పెట్టుకుంటే చట్టం ఊరుకుంటుంది, అందుకే చాలామంది దాన్ని బోర్డు ముందుభాగాన తాడు కింద దోపేసి ఫొటోలు దిగుతుంటారు. నీళ్ళలో పడ్డాక, వణికే వేళ్ళతో దాన్ని లాక్కుని తొడుక్కుని బకిల్ పెట్టుకోవడం జరిగే పని కాదు. బోర్డు ఎక్కక ముందే, ఒడ్డు మీద నిలబడి, పట్టీలు బిగించి తొడుక్కోండి. పిల్లలకు వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవులదాకా వచ్చిందంటే అది వాళ్ళ సైజు కాదు.

అపోహ: పొద్దున్న ఆకాశం నిర్మలంగా ఉంది కాబట్టి రోజంతా అలాగే ఉంటుంది.

ఎండాకాలం టాహోలో నీళ్ళు ప్రశాంతంగా ఉండేది పొద్దున్నే. పొద్దెక్కేకొద్దీ నైరుతి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి అలలు మొదలవుతాయి. పడమటి ఒడ్డున ఆ గాలి మనల్ని ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంది, అందుకే అక్కడ నీళ్ళు పైకి మామూలుగానే కనిపిస్తుంటాయి. తేలిగ్గా సాగిపోతున్నామనుకుంటూ వెళ్ళినవాళ్ళకు తిరిగి రావాలన్నప్పుడు గాని అసలు సంగతి అర్థం కాదు. కొండల మీద మధ్యాహ్నం పుట్టే ఉరుముల వాన ఇంకా ప్రమాదకరం. 2025 జూన్ 21న ఉన్నట్టుండి వచ్చిన తుఫానుకు దాదాపు ఎనిమిది అడుగుల అలలు లేచి, ఒక పడవ తిరగబడి ఎనిమిది మంది చనిపోయారు. పది మంది ఎక్కిన మోటారు పడవ అది, గాలి నింపిన బొమ్మ బోర్డు కాదు.

కాబట్టి కయాక్, ప్యాడిల్ బోర్డు లాంటివి ఏడెనిమిది గంటలకే మొదలుపెట్టి పదకొండున్నరకల్లా ముగించండి. కొండలెక్కడం, వ్యూ పాయింట్లు, ఊళ్ళో తిరగడం మధ్యాహ్నానికి పెట్టుకోండి. ఉరుము వినబడితే నీళ్ళలోంచే కాదు, గుట్టల మీంచి కూడా దిగిపోవాలి. మనవాళ్ళు సాధారణంగా పదింటికి టిఫిన్ చేసి, మధ్యాహ్నం నీళ్ళ దగ్గరికి వెళ్తారు. ఆ క్రమాన్ని తిరగేస్తే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది.

ఇక్కడే ఇంకో కథ ప్రచారంలో ఉంది. ప్రసిద్ధ సముద్ర పరిశోధకుడు ఝాక్ కూస్టో టాహో అడుగుకు దిగి, అక్కడ చెక్కుచెదరని శవాలు చూసి, ప్రపంచం ఇది తట్టుకోలేదంటూ బయటికొచ్చాడట. కూస్టో టాహోలో దిగాడనడానికి ఆధారమే లేదు. మునిగిన శరీరాలు కొన్నిసార్లు పైకి తేలకపోవడం మాత్రం నిజం. ఆ చలిలో కుళ్ళడం బాగా నెమ్మదిస్తుంది, పైకి తేల్చే వాయువులు పుట్టవు. ఇందులో మర్మమేమీ లేదు, అదంతా చలి చేసే పనే.

అపోహ: మాది ఆల్ వీల్ డ్రైవ్ కారు, చెయిన్లు అక్కర్లేదు.

కాలిఫోర్నియాలో మంచు పడినప్పుడు మూడు స్థాయుల నిబంధనలు పెడతారు. ఆర్-1లో చిన్న కార్లకు మంచు టైర్లుంటే చెయిన్లు వేయకుండా వెళ్ళనిస్తారు. ఆర్-2లో నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు మాత్రమే ఆ సడలింపు. ఈ రెండింటిలోనూ చెయిన్లు బండిలో ఉండి తీరాలి. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. సాధారణంగా ఆ స్థితి రాకముందే రోడ్డు మూసేస్తారు. ఆల్ వీల్ డ్రైవ్ బండి ముందుకు కదలడానికి సాయపడుతుంది గాని, మంచు మీద ఆగడానికి కాదు. ఆగాలంటే టైరు బాగుండాలి.

అద్దె కారు తీసుకునేవాళ్ళు ఒప్పందం చదవండి. చెయిన్లు వేయకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. సొంత కారైతే చెయిన్లు కొన్న రోజే ఇంటిముందు ఎండలో ఒకసారి వేసి, తీసి చూసుకోండి. చీకట్లో, హిమం పడుతుండగా, పక్కనుంచి లారీలు పోతుంటే మొదటిసారి పెట్టె విప్పడం ఎవరికీ వద్దు. కాలిఫోర్నియా రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ వాళ్ళ క్విక్‌మ్యాప్‌లో రోడ్డు పరిస్థితి ఎప్పటికప్పుడు తెలుస్తుంది. పిల్లలు మంచులో ఆడుకోవడానికి హైవే పక్కన కారాపడం చాలా ప్రమాదం. దానికోసం స్నో పార్క్‌లున్నాయి. నవంబరు 1 నుంచి మే 30 వరకు వాటికి పర్మిట్ కావాలి.

అపోహ: చుట్టుకొలత 72 మైళ్ళేగా, ఒక్కరోజులో అంతా చూసేయొచ్చు.

ఎక్కడా ఆగకుండా తిరిగితేనే దాదాపు మూడు గంటలు. వేసవి వారాంతంలో పార్కింగుకే అంతకంటే ఎక్కువ పోతుంది. ఎమరాల్డ్ బే దగ్గర పార్కింగు చిన్నది, పొద్దున్నే నిండిపోతుంది. చలికాలంలో కొండచరియల మీంచి మంచు జారే ప్రమాదం ఉండి, అక్కడి 89వ నంబరు రోడ్డును తరచూ మూసేస్తారు. అప్పుడు చుట్టూ తిరగడమనే ఆలోచనే కుదరదు. నా మాట వింటే, ఒక రోజుకు ఒక ఒడ్డు. పెద్దవాళ్ళతో వెళ్తే ఇన్‌స్పిరేషన్ పాయింట్ నుంచి ఎమరాల్డ్ బే మొత్తం, నడుమ ఫానెట్ దీవితో సహా కనిపిస్తుంది. సరస్సు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క దీవి అది. కిందనున్న వైకింగ్స్‌హోమ్ అనే 1929 నాటి స్కాండినేవియన్ తరహా భవంతికి దారి సుమారు మైలు, దిగడం హాయిగా ఉంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్ళ సంగతి గుర్తొస్తుంది. అమ్మానాన్నలను దింపే ముందు ఇది ఆలోచించండి.

సరస్సులో మూడింట రెండొంతులు కాలిఫోర్నియాది, మిగతాది నెవాడాది. అందరూ ఫొటోల్లో చూసి వెతుక్కునే శాండ్ హార్బర్ నెవాడాలో ఉంది. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల పాస్ అక్కడ చెల్లదు, జాతీయ పార్కుల పాస్ కూడా చెల్లదు. వేసవిలో వెళ్ళాలనుకుంటే ప్రవేశ నిబంధనలు ముందే చూసుకోండి.

అపోహ: అంత ఎత్తులో పెద్దవాళ్ళకు ఊపిరాడదు.

సరస్సు ఎత్తు సుమారు 6,225 అడుగులు. ఊటీ ఇంకా ఎత్తున, 7,350 అడుగుల దగ్గర ఉంది. ఊటీకి హాయిగా వెళ్ళొచ్చిన అమ్మమ్మ టాహో ఒడ్డున భయపడక్కర్లేదు. మొదటిరోజు కాస్త తలనొప్పి, ఆయాసం రావచ్చు. నీళ్ళు బాగా తాగి, ఆరోజు నడక తగ్గిస్తే సరిపోతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు, గొండోలాల్లో 9,000 అడుగుల పైకి వెళ్దామనుకునేవాళ్ళు డాక్టర్ని అడగడం మేలు. అందరూ మర్చిపోయేది ఎండ. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. గడ్డకట్టే చలిలోనూ మొహం, గడ్డం కింద, ముక్కు కింద మాడిపోతాయి. పిల్లలకు నల్ల కళ్ళద్దాలు అలంకారం కోసం కాదు.

అపోహ: ఎలుగుబంట్లు అడవిలో ఉంటాయి, ఊళ్ళోకి రావు.

వస్తాయి. ఇక్కడున్నవి నల్ల ఎలుగుబంట్లు, గోధుమరంగువి కనిపించినా జాతి ఇదే. గ్రిజ్లీలు కాలిఫోర్నియాలో అంతరించి దాదాపు నూరేళ్ళయింది. ఇవి సాధారణంగా మనిషి మీదికి రావు, తిండి కోసం వస్తాయి. మూసిన కారులోని పులిహోర డబ్బా, చేగోడీల ప్యాకెట్టు, ఆవకాయ సీసా, పాప పాలసీసా, చివరికి టూత్‌పేస్టు వాసన కూడా వాటికి తెలుస్తుంది. తాళం వేయని కారు తలుపు పిడిని పంజాతో లాగి తెరిచి లోపలికి దూరతాయి. వెనకాల తలుపు మూసుకుపోతే బయటపడే దారిలేక సీట్లు, డ్యాష్‌బోర్డు, తలుపుల లోపలి భాగం చీల్చేస్తాయి. పొద్దున్నే చూస్తే కారు బయట గీత కూడా ఉండదు, లోపల ఇనుప చట్రమే మిగులుతుంది. తిండి మొత్తం అద్దె ఇంట్లోకి, లేదా క్యాంపులోని ఇనుప పెట్టెలోకి చేర్చండి. కారుకు తాళం వేయండి. మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగును చివరికి చంపాల్సి వస్తుంది, ఆ పాపంలో మన డబ్బాకీ వాటా ఉంటుంది.

అపోహ: నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయంటే ఎవరూ పాడుచేయలేరు.

1968లో శాస్త్రవేత్తలు తెల్లటి పళ్ళెం ఒకటి నీళ్ళలోకి దించి కొలవడం మొదలుపెట్టినప్పుడు అది సగటున నూరడుగుల లోతు దాకా కనిపించేది. ఈమధ్య ఏళ్ళలో 60, 70 అడుగుల దరిదాపుల్లోనే కనుమరుగవుతోంది. రోడ్ల మీంచి, కట్టడాల నుంచి కొట్టుకొచ్చే సన్నటి మట్టి, నీళ్ళలో పెరిగే నాచు ముఖ్య కారణాలు. ఈ సరస్సుకు నీళ్ళు తెచ్చే వాగులు 63, బయటికి పోయేది ట్రకీ నది ఒక్కటే. అది కూడా సముద్రానికి చేరదు, నెవాడా ఎడారిలో పిరమిడ్ లేక్‌లో ఆగిపోతుంది. లోపలికొచ్చినది ఏదైనా ఏళ్ళ తరబడి లోపలే ఉంటుంది. వాగునీళ్ళు కంటికి ఎంత తేటగా ఉన్నా వడకట్టి, మరిగించి గాని తాగకండి.

2023 జులై 4 సంబరాల మర్నాడు స్వచ్ఛంద కార్యకర్తలు ఆరు తీరాల్లో 8,000 పౌండ్లకు పైగా చెత్త ఏరారు. చలికాలంలో దీనికి తోడు పగిలిన ప్లాస్టిక్ స్లెడ్ ముక్కలు. మంచులో కనపడవు, వసంతంలో కరిగిన నీళ్ళతో కలిసి సరస్సులోకి వెళ్తాయి. పది డాలర్ల పలచటి స్లెడ్ కొనకండి, దొరికితే గట్టిది అద్దెకు తీసుకోండి. పగిలితే ఆ ముక్కలన్నీ ఏరి మీ డిక్కీలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళండి. మీ పిల్లల చేత కూడా ఏరించండి.