గాలపు వేటకు చేపపిల్లల ఉత్పత్తి: గోదావరిఖని పరిసర జలవనరులు – ఒక పరిశీలన

సింగరేణి గనులకు చేరువలోనే సుమారు 20 టీఎంసీల నీటిని నిలుపగల శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం ఉంది. ఈ ప్రాంతపు నీటివనరులలో వినోదపు గాలపు వేటను ప్రోత్సహించాలంటే పాతబడిన చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలను ఏ విధంగా నవీకరించాలన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

బొచ్చె, రోహు వంటి చేపలు నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరదనీరు కావాలి. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌లో పీయూషగ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ అడ్డంకిని తొలగించారు. తరువాత వచ్చిన చైనా తరహా గుండ్రని తొట్లలో గుడ్లు తిరిగే నీటిలో తేలుతూ ఒక రోజులోపే పిల్లలవుతాయి. మన కేంద్రాలు ఈ చేపల కోసం నిర్మించినవే. నవీకరణ అనగానే తొట్ల మరమ్మతు, కొత్త పంపులు, పూడికతీత గుర్తుకు వస్తాయి. అవి అవసరమే గాని చాలవు.

గాలగాళ్లలో చాలామంది కోరేది ఎరను వెంటాడి పట్టే చేపను. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను అటువంటిదే. అది మొక్కల నడుమ గూడు చేసుకొని, తేలే గుడ్లను, పిల్లలను కాపాడుకుంటుంది. దానికి సుడితిరిగే తొట్టి కాదు, నాచు, మొక్కలు ఉన్న చిన్న మడుగులు కావాలి. పిల్లలు ఒకదానినొకటి తింటాయి కనుక పరిమాణాన్ని బట్టి తరచుగా వేరుచేయాలి. సజీవ ఆహారం నుండి తయారుమేతకు మెల్లగా మళ్లించాలి. ఇదంతా యంత్రాల కంటే పనివారి నేర్పుపై ఆధారపడిన పని.

కావేరి అనుభవం ఇక్కడ గమనార్హం. లోనావాలా కేంద్రంలో పెంచిన నీలిరెక్కల మహసీర్‌ను వేట కోసం ఆ నదిలో వదిలారు. గాలగాళ్ల చిట్టాలను పరిశీలించినప్పుడు ఆ చేప పెరుగుతుండగా స్థానికమైన మూపురపు మహసీర్ తగ్గుతూ వచ్చినట్లు తేలింది. 2018లో దానిని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించారు. మంచి ఉద్దేశంతో నడిచిన కేంద్రమే ఇందులో భాగమైంది. కాబట్టి తల్లిచేపలను గోదావరి పరీవాహకం నుండే సేకరించి, వాటి వివరాలు నమోదు చేయాలి.

జీవనోపాధి ప్రశ్న మరింత జటిలం. 2016-17 నుండి ప్రభుత్వం చెరువులలో, జలాశయాలలో ఉచితంగా వదులుతున్న చేపపిల్లలపై మత్స్యకార సహకార సంఘాలు ఆధారపడి ఉన్నాయి. ఆ పిల్లలే కొర్రమీనుకు సులువైన ఆహారం. వేటగాని సరదా కోసం మత్స్యకారుని పంటను మేపడం న్యాయం కాదు. అందుచేత ఎల్లంపల్లిలో కాక, మూసివేసిన ఓపెన్‌కాస్ట్ గుంతలలో ప్రయత్నించడం మేలు. నిటారు గోడల వల్ల అక్కడ గూటికి అనువైన లోతు తక్కువ అంచులు అరుదు. చేప తనంతట వృద్ధి చెందే అవకాశం తక్కువ, నదితో సంబంధం లేని గుంత నుండి బయటికి పాకే అవకాశమూ తక్కువే. ఏటా పిల్లలను ఉత్పత్తి కేంద్రమే అందించవలసి ఉంటుంది. అయితే ముందుగా ఆ నీటిలోని ఆమ్లత్వాన్ని, లోహాలను పరీక్షించాలి. గాలం వేసేవారు నిలబడే గట్టును భద్రపరచాలి.